కప్పు నిండని మూడు గంటలు

నాకున్నది జబ్బు అని తెలియడానికి నాకు ఇరవై ఏడేళ్లు పట్టింది. అప్పటిదాకా దాన్ని సిగ్గు అనుకున్నాను, అలవాటు అనుకున్నాను, ఒక్కోసారి పిరికితనం అని కూడా అనుకున్నాను. దానికి ఒక పేరుందని తెలిసేనాటికి నా ఉద్యోగం అంచు మీద వేలాడుతోంది.

ఇప్పుడు గండం గడిచింది కాబట్టి రాయగలుగుతున్నాను. రాయడానికి కారణాలు రెండు. ఒకటి, జరిగినదాన్ని జరిగిన క్రమంలో పెట్టుకుంటే నా మనసు కుదుటపడుతుంది. నేను లిఫ్టులు బాగుచేసేవాణ్ని. ఏ వైరు ఎక్కణ్నుంచి వచ్చి ఎక్కడికి పోతుందో తెలియకపోతే నాకు నిద్ర పట్టదు. రెండు, దీన్ని చదువుతూ ఎవరో ఒకరు "అరె, నాదీ ఇదే" అనుకుంటారు. వాళ్లు భయపడకుండా ముందే చెప్పేస్తున్నాను: ఇది మంచిగానే ముగుస్తుంది.

విషయం ఒక్క ముక్కలో ఇదీ. పక్కన మనిషి ఉంటే నాకు మూత్రం రాదు. ఎంత నిండినా రాదు.

మే

మా ఇల్లు గౌలిపురలో. ఇంటి వెనక కొట్టంలో ఐదు బర్రెలు, వాటితో బాపు పాల వ్యాపారం. నేను ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి, పెద్ద పెద్ద భవనాల్లో లిఫ్టులు బిగించే ఒక కంపెనీలో టెక్నీషియన్‌గా చేరాను. ఈ ఏడాది కంపెనీ కొత్త రూలు పెట్టింది. ఎత్తులో పనిచేసేవాళ్లలో ఏ రోజైనా ఎవరి పేరైనా రావచ్చు, వచ్చినవాళ్లు ల్యాబుకు వెళ్లి మత్తుమందుల పరీక్షకు మూత్రం ఇవ్వాలి.

ఆ రూలు వచ్చినప్పుడు మీటింగులో చేయెత్తి సరే అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. పదిహేనో అంతస్తులో నేను వేలాడుతున్నప్పుడు పైన తాడు పట్టుకున్నవాడు మత్తులో ఉండకూడదు. ఇప్పటికీ నా మాట అదే.

నా పేరు మే నెలలో వచ్చింది. ల్యాబులో శాంపిళ్లు తీసుకునే అతను నాకు ప్లాస్టిక్ కప్పు ఇచ్చి, నా వెనకే బాత్‌రూములోకి వచ్చాడు. తలుపు మూయలేదు.

"అన్నా, మీరు జెర బయట ఉంటరా?" అని అడిగాను.

"ఉండొద్దన్నా. కండ్ల ముంగటనే పొయ్యాలె. మీ కంపెనీ గట్లనే రాసిచ్చింది. మొన్న ఒకడు జేబుల సీసా వెట్టుకొని వచ్చిండు, తెల్సా?"

అతని చూపు నా వీపు మీద పడిన క్షణంలోనే లోపల ఏదో బిగుసుకుపోయింది. ఎంతసేపు నిలబడ్డా ఒక్క చుక్క రాలేదు. రూలు ప్రకారం మూడు గంటల గడువు ఇచ్చారు. అప్పటికీ ఇవ్వకపోతే పరీక్షకు నిరాకరించినట్టే రాస్తారు. నిరాకరించినవాడూ మత్తులో దొరికినవాడూ కంపెనీ లెక్కలో ఒక్కటే.

వెయిటింగ్ రూములో కూర్చుని గ్లాసు మీద గ్లాసు నీళ్లు తాగాను. గోడ మీద టీవీలో చప్పుడు లేకుండా వంటల కార్యక్రమం వస్తోంది. పక్క కుర్చీలో బురఖా వేసుకున్న పెద్దావిడ, భర్త రిపోర్టు కోసం వచ్చిందట, నన్ను కాసేపు చూసి, "బేటా, గట్ల గటగట తాగితే కడుపు పట్టుకుంటది. మెల్లగ తాగు" అంది. తన సంచీలోంచి రెండు బిస్కెట్లు తీసి నా చేతిలో పెట్టింది. ఎందుకొచ్చావని అడగలేదు. ఆ రోజు నన్ను ఏమీ అడగని మనిషి ఆమె ఒక్కతే.

రెండోసారి లోపలికి వెళ్లాను, రాలేదు. మూడోసారి అతను నల్లా తిప్పి, పసిపిల్లలతో పోయించేటప్పటిలా నోటితో ఈల కూడా వేశాడు. వెక్కిరించాలని కాదు, సాయం చేద్దామనే. నాకు మాత్రం నేల చీలిపోతే బాగుండుననిపించింది. పొత్తికడుపు రాయిలా గట్టిపడింది. చెమట కారి చొక్కా వీపుకు అంటుకుపోయింది. గడువు అయిపోయింది.

"మస్తు సేపు జూసిన అన్నా. నేనేం జెయ్యాలె చెప్పు? రాయకపోతే నా మీదికొస్తది" అన్నాడు. రాశాడు.

ఇంటిదాకా బండి మీద ప్రతి గుంతా ప్రాణం తీసింది. బాత్‌రూములోకి దూరి గొళ్లెం పెట్టానో లేదో, ఆ చప్పుడుతోనే వచ్చేసింది. తలుపుకు తల ఆనించి నిలబడ్డాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సాయంత్రం ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది: విచారణ అయ్యేదాకా పనిలోకి రావొద్దు.

జూన్

ఇది ఎక్కడ మొదలైందో నాకు తెలుసు. నా చిన్నప్పుడు మా వాకిట్లో నాలుగు కుటుంబాలకు ఒకటే బాత్‌రూము, రేకు తలుపు. పొద్దున లోపల ఎవరున్నా బయట చెంబులతో వరస. "ఇంకెంతసేపు రా?" అని రేకు మీద అరచేత్తో కొడితే ఆ దెబ్బ నా కడుపులో మోగేది. బళ్లో గోడకు ఎదురుగా వరసగా నిలబడాలి. నేను ఇంటికొచ్చేదాకా ఆపుకునేవాణ్ని. ఉద్యోగంలో చేరాక పొద్దున టీ తర్వాత నీళ్లు ముట్టుకోవడం మానేశాను. ఎండాకాలంలో కూడా సీసా నిండుగానే ఇంటికి వచ్చేది. మా సీనియర్ మెకానిక్ ఖాజా భాయ్ నాకు "ఒంటె" అని పేరు పెట్టాడు.

లోపల ఏం జరుగుతుందో నా భాషలో చెబుతాను. లిఫ్టు బ్రేకు గురించి చాలామంది తలకిందులుగా అనుకుంటారు. కరెంటు వస్తే అది బిగుసుకోదు, విడుస్తుంది. కరెంటు పోతే స్ప్రింగు దాన్ని బిగించేస్తుంది. ఊరికే ఉన్నప్పుడు బిగుసుకునే ఉండడం దాని స్వభావం. నా ఒంట్లోనూ అంతే. నిమ్మళం అనే కరెంటు ఉంటేనే విడుస్తుంది. పక్కన మనిషి నిలబడితే ఆ కరెంటు పోతుంది. అప్పుడు నేను ఎంత బలం పెడితే అంత బిగుస్తుంది.

ఇది ఇంట్లో చెప్పడం పరీక్ష కన్నా కష్టమైంది. అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, నా మొహం తన వైపు తిప్పుకుని అడిగింది.

"బిడ్డా, నిజం జెప్పు. గంజాయి గిట్ల ఏమన్న తాగినవా?"

"లేదమ్మా."

"నా మీద ఒట్టు?"

"నీ మీద ఒట్టు."

"అయిపాయె. ఇంక నిన్ను అడగ." నిజంగానే మళ్లీ అడగలేదు. పొద్దునా సాయంత్రం బార్లీ నీళ్లు మాత్రం కాచి ఇచ్చింది. అసలు సమస్య ఒంట్లో నీళ్లు తక్కువ కావడం కాదని ఎన్నిసార్లు చెప్పినా ఇచ్చింది.

బాపు నమ్మలేదు. "ఇంట్ల వస్తది, ఆడ రాదా? గిదేం రోగంరా? ఇల్లు జూసి వస్తదా అది?" అన్నాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. తర్వాత ఆయన అడగడం కూడా మానేశాడు. మా కంపెనీలో పనిచేసే ఒకతని ఇల్లు మా పక్క గల్లీలోనే. పాలకు వచ్చిన ఒకాయన కొట్టంలో నిలబడి, నేను వింటుండగానే, "ఏం మల్లన్నా, నీ పోరడు గంజాయి పరీక్షల తప్పిండంట గదా?" అన్నాడు. బాపు తలెత్తలేదు, పాలు పిండుతూనే ఉన్నాడు. ఆయన నన్ను కొట్టి ఉంటే ఇంత నొప్పి ఉండేది కాదు. కొన్ని రోజులు మేమిద్దరం ఒకే ఇంటి కప్పు కింద, రెండు ఊళ్లలో ఉన్నట్టు బతికాం.

జూన్ నెలాఖరు

ఖాజా భాయ్ ఒక మధ్యాహ్నం ఇంటికొచ్చాడు. నన్ను గల్లీ చివర ఇరానీ హోటల్‌కు తీసుకుపోయి, చాయ్ చెప్పి, "ఏమైందో మొత్తం చెప్పు మియా. నేను నవ్వితే ఈ చాయ్ నా నెత్తిన పొయ్యి" అన్నాడు.

మొత్తం చెప్పాను. నవ్వలేదు. చాయ్ సాసరులో పోసుకున్నాడు.

"నాలుగేండ్లు నిన్ను ఒంటె అన్న. నాకు సమజ్ గాలే" అన్నాడు. "ఫికర్ నక్కో. సంతోష్‌నగర్‌ల మా ఇంటి కాడ ఒక డాక్టరమ్మ ఉంది. మా బేగంకు పరేషానీ అయితే ఆమెనే మంచిగ జేసింది. నడు."

డాక్టరమ్మ క్లినిక్ మందుల దుకాణం మీద, మొదటి అంతస్తులో. అక్కడా అవే ప్లాస్టిక్ కుర్చీలు, అదే నిశ్శబ్దం. వరుసలో ఉన్నంతసేపూ ఆమెను ఎలా మొదలుపెట్టి ఎలా ఒప్పించాలో మనసులో వాక్యాలు కూర్చుకున్నాను. ఒక్కటీ అవసరం పడలేదు.

"ఎవరూ లేనప్పుడు మామూలుగానే వస్తుందా?" ఆమె మొదటి ప్రశ్న అదే.

"వస్తుంది మేడం."

"నీళ్లు తాగడం తగ్గించేశావా?"

"తగ్గించిన."

"పెళ్లిళ్లకూ దూరప్రయాణాలకూ వెళ్లడం మానేశావా?"

తలూపాను. ఈ విషయం ఖాజా భాయ్‌కి కూడా చెప్పలేదు. ఇంట్లో వస్తుంది, బయట రాదు అన్న మాట అందరికీ నేను అబద్ధమాడుతున్నాననడానికి సాక్ష్యంగా కనిపించింది. ఆమెకు మాత్రం అదే జబ్బుకు గుర్తు. మరే కారణమూ లేదని స్కానింగు చేయించాక పేరు చెప్పింది: పారూరెసిస్. మందు కన్నా సాధన ముఖ్యమంది. నమ్మకమైన మనిషి ఒకరు మొదట దూరంగా, తర్వాత కొంచెం దగ్గరగా, అలా మెల్లగా తలుపు దాకా వచ్చి నిలబడాలి. ప్రతి మెట్టు మీద ఒళ్లు నిమ్మళంగా ఉండడం నేర్చుకోవాలి.

"నువ్వొక్కడివే అనుకుంటున్నావు కదూ? నా దగ్గరికి చాలామంది వస్తారు. కడుపునొప్పి అని చెప్పి వస్తారు, అంతే తేడా" అంది.

మెట్లు దిగుతుంటే ఖాజా భాయ్ వెనక నుంచి, "ఆ మనిషి ఎవరు మరి? నేనైతే ఐతారం ఒక్కదినమే వస్త" అన్నాడు. నాకు బాపు గుర్తొచ్చాడు. గుర్తొచ్చి, ఆ ఆలోచనను పక్కన పెట్టేశాను.

జూలై

మా దగ్గర పాలు కొనే పాతవాళ్లు ఇప్పటికీ కళ్ల ముందే పిండమంటారు. నీళ్లు కలపలేదన్న నమ్మకం కోసం. బాపు ముందు ఖాళీ బకెట్టు బోర్లించి చూపిస్తాడు, రెండు చేతులూ చాచి చూపిస్తాడు, అప్పుడు కూర్చుంటాడు. ఈ ఎండాకాలంలో కొత్తగా కొన్న నల్ల బర్రెతో మాత్రం ఆ పద్ధతి సాగలేదు. పొదుగులోకి పాలు దిగడాన్ని మా వాళ్లు చేపడం అంటారు. కొత్త మనిషి ఎదురుగా నిలబడితే ఆ బర్రె చేపదు. దూడను వదిలినా, దాణా పెట్టినా, చేపదు. అందుకని బాపు దాని ముందు గోనెపట్టా పరదా కట్టాడు. గిరాకీ మనిషి బకెట్టూ చేతులూ చూసుకుని పరదా అవతల నిలబడాలి. పాలు బయటికొచ్చాక గిన్నె మీద చెయ్యి పెట్టి చూసుకోవాలి. వేడిగా, నురగతో ఉంటే అప్పుడే పిండినట్టు.

ఒక పొద్దున నేను గడ్డి వేస్తున్నాను. జూన్‌లో నా గురించి అడిగిన ఆయనే పరదా బయట నిలబడి, "ఏం మల్లన్నా, చాటుంగ నీళ్లు గలుపుతున్నవా ఏంది?" అన్నాడు.

బాపు లోపల నుంచే అందుకున్నాడు. "బకెట్ జూసినవ్, చేతులు జూసినవ్. పాలు వేడిగున్నయా లేదా? నీళ్లు యాడికెల్లి తేవాలె, బర్రె తోక పిండాలెనా?"

"మరి నా ముంగట పిండరాదు?"

"నీ మొకం జూస్తె చేపదయ్యా అది! చేపకపోతే పాలు లేవన్నట్టా? దొంగ బర్రె అన్నట్టా? దాని పానం గంతే. నాకు రోజూ ఇస్తది, నీకు ఇయ్యది, నేనేం జెయ్య..."

మాట మధ్యలో ఆగిపోయింది. పరదా తొలగింది. బాపు బకెట్టు చేత పట్టుకుని, గిరాకీని వదిలేసి, నన్ను చూస్తున్నాడు. నేను చేతిలో గడ్డితో అలాగే నిలబడ్డాను.

ఆయన పాలు పోసి ఆ మనిషిని పంపించేశాడు. చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, నా వైపు చూడకుండా అన్నాడు.

"ఆ డాక్టరమ్మ ఎవర్నో నిలబెట్టుకొమ్మన్నదంట గదా. మీ అమ్మ జెప్పింది. యాడ నిలబడాలె నేను?"

ఆ రోజు వాకిలి బయట నిలబడ్డాడు. కొన్ని రోజులకు తులసికోట దగ్గరికి, ఆ తర్వాత కొట్టం మూలకు వచ్చాడు. ఊరికే నిలబడడం ఆయనకు చేతకాదు కాబట్టి మాట్లాడుతూనే ఉండేవాడు. తవుడు ధర, దూడకు పట్టిన విరేచనాలు, ఎవరింటికి పాలు ఎక్కువ పోస్తున్నారో. ఒకసారి తలుపు దగ్గరికి తొందరగా వచ్చేశాడు, నాకు ఆగిపోయింది. "ఎనకకు పోవాలె బాపు" అన్నాను. "పోతున్న, పోతున్న. నల్లదాని కన్న నువ్వే నయం, నోరుంది" అంటూ వెనక్కి పోయాడు. అమ్మ వంటింట్లో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ ఇంట్లో చాలా రోజుల తర్వాత విన్న నవ్వు అది.

మా గల్లీలో బోనాల ఊరేగింపు వెళ్లిన రోజు బయటంతా జనం, డప్పులు. బాపు తలుపును ఆనుకుని నిలబడి, ఆ మోతలో నాకు వినబడాలని గొంతు చించుకుని దాణా గురించి చెబుతున్నాడు. నాకు ఏ అడ్డూ లేకుండా వచ్చింది. గొళ్లెం తీసి బయటికొచ్చి ఆయనను కౌగిలించుకున్నాను. "చెయ్యి కడుక్కున్నవా?" అన్నాడు.

ఆగస్టు

విచారణలో ఎదురుగా ఇద్దరు, హెచ్చార్ మేడం, సేఫ్టీ మేనేజర్. నా పక్కన కార్మికుల తరఫున ఖాజా భాయ్. డాక్టరమ్మ ఇచ్చిన కాగితం వాళ్ల ముందు పెట్టాను.

"ఇంట్లో వస్తుంది, ల్యాబులో రాదు. దీన్ని మెడికల్ ప్రాబ్లమ్ అని ఎలా అనుకోమంటావు శ్రీకాంత్?" అని సేఫ్టీ మేనేజర్ అడిగాడు.

ఈసారి జవాబు ఉంది. "సార్, కరెంటు పోయినప్పుడు లిఫ్టు ఆగిపోతే, లిఫ్టు పనికి నిరాకరించింది అని రాస్తామా? ఎందుకు ఆగిందో చూస్తాం. నన్ను పరీక్ష చేయొద్దని అడగట్లేదు. మిగతావాళ్ల కన్నా ఎక్కువసార్లు చేయండి. కావాలంటే ఇప్పుడే నోట్లోంచి లాలాజలం తీసి చేయండి. మూత్రమే కావాలంటే అదీ ఇస్తాను. ముందు నా జేబులు వెతకండి, నల్లా కట్టేయండి, తొట్టి నీళ్లలో రంగు కలపండి, కప్పు బయటికి రాగానే వేడి చూడండి. తలుపు మాత్రం మూసుకోనివ్వండి. చాలా చోట్ల ఇలాగే చేస్తారట, డాక్టరమ్మ కాగితంలో రాసింది."

"రూల్ అందరికీ ఒకటే ఉండాలి కదా" అన్నాడాయన.

ఖాజా భాయ్ గొంతు సవరించుకున్నాడు. "సార్, సేఫ్టీ బెల్టు గూడ అందరికీ ఒక్కటే రూలు. మీరే పెట్టిన్రు. గాని స్టోర్‌ల సైజులు మూడున్నయ్ గదా? నా బెల్టు ఈ పోరనికి కడితే జారిపోతడు సార్."

హెచ్చార్ మేడం నవ్వు ఆపుకోలేకపోయింది. సేఫ్టీ మేనేజర్ నవ్వలేదు. కానీ పెన్ను తీశాడు.

లాలాజలం పరీక్ష ఆ రోజే చేశారు, ఏమీ లేదని తేలింది. అక్కడితో నా ఉద్యోగం నిలబడేదే. కానీ ఆ కప్పు నాకు బాకీ ఉండిపోయింది. మూత్రం పరీక్ష కూడా నేనే అడిగి పెట్టించుకున్నాను.

అదే ల్యాబు, అదే అతను. నన్ను గుర్తుపట్టి, "అన్నా, ఆ దినం నేను సీటీ గొట్టొద్దుండె" అన్నాడు, ఆ ఈల సంగతి గుర్తుచేసుకుని. జేబులు చూశాడు, నల్లా కట్టేశాడు, తలుపు దగ్గరికి వేసి బయట నిలబడ్డాడు. వెయిటింగ్ రూములో బాపు, తెల్ల ధోవతి, భుజాన తువ్వాలు, చుట్టుపక్కల కుర్చీలకంతా కొట్టం వాసన.

లోపల మొదట ఏమీ రాలేదు. గోడ చూశాను. పాత భయం మెడ వెనక నుంచి పాకింది. బలం పెట్టొద్దని డాక్టరమ్మ చెప్పిన మాట గుర్తుచేసుకుని, ఊపిరి వదిలి ఊరుకున్నాను. అప్పుడు తలుపు అవతల గొంతు వినబడింది. బాపు కుర్చీ వదిలి లేచి వచ్చినట్టున్నాడు.

"మీ దాంట్ల పాలు గూడ పరీక్ష జేస్తరా? చెయ్యరా? చేస్తే మా పక్క గల్లీ పాలు తెస్త, సగం నల్లా నీళ్లే ఎల్తయ్. తవుడు ధర ఎంతైందో తెల్సా నీకు..."

కరెంటు వచ్చింది. బ్రేకు విడిచింది.

కప్పు బయటికి తెచ్చి ఇచ్చాను. అతను దాని పక్కన అతికించిన, వేడి చూపే పట్టీ చూశాడు. "వేడి కరెక్టుగున్నది అన్నా. అయిపాయె."

బాపు వెయిటింగ్ రూమంతా వినబడేలా అడిగాడు: "చేపిందా?"

"చేపింది బాపు!" అని నేనూ అంతే గట్టిగా అన్నాను. కుర్చీల్లోని వాళ్లంతా తలలు తిప్పి చూశారు. నాకు ఒళ్లు బిగుసుకోలేదు.

ఇప్పుడు

నన్ను పనిలోకి తీసుకున్నారు. నిరాకరణ అన్న మాటను నా పేరు పక్కనుంచి కొట్టేశారు. వైద్య కారణం ముందే చెప్పినవాళ్లకు మూసిన తలుపు, లేదా లాలాజలం పరీక్ష అని రూలులో కొత్త మాట చేరింది. ఆ తర్వాత మా సైటులో ఇద్దరు, వేరు వేరు రోజుల్లో, ఎవరూ లేనప్పుడు నన్ను పక్కకు పిలిచారు. ఇద్దరూ కడుపునొప్పితోనే మొదలుపెట్టారు. ఇద్దరికీ డాక్టరమ్మ క్లినిక్ దారి చెప్పాను. మీకూ ఇలాగే ఉంటే, పరీక్ష రోజు దాకా ఆగకండి, ముందే చెప్పండి. నీళ్లు తాగడం మాత్రం మానకండి.

జబ్బు పూర్తిగా పోయిందని చెప్పను. కొన్ని రోజులు ఆలస్యమవుతుంది. నిన్న సైటులో ఎండ మాడ్చేస్తుంటే, భోజనానికి ముందే సీసా నీళ్లు మొత్తం తాగేశాను. ఖాజా భాయ్ ఖాళీ సీసాను తలకిందులు చేసి, చుక్క రాలకపోతే, "యా అల్లా, ఒంటె నల్లా మీద వడ్డది" అన్నాడు.

కాసేపటికి సైటు బాత్‌రూముకు వెళ్లాను. రేకు తలుపు. బయట ఎవరో అరచేత్తో దబదబా బాదారు. "ఎవరన్నా లోపల? ఎంతసేపు?"

చిన్నప్పటి నుంచి నా కడుపులో మోగిన దెబ్బ అది. దానికి జవాబు చెప్పడం ఇదే మొదటిసారి.

"ఆగన్నా," అన్నాను, "నాకు జెర టైమ్ పడ్తది."

బయట బాదుడు ఆగింది. తర్వాత, "సరే భాయ్, ఆరామ్‌గ రా" అన్న గొంతు.

ఆరామ్‌గానే వచ్చాను.